మరక పక్కన దారం

జూన్ 4

అత్తయ్యకు నమస్కారం.

క్షేమంగా చేరాను. మన లాండ్రీ బండి నడిపే పెద్దాయన నన్నూ నా పెట్టెనీ హాస్టల్ గుమ్మంలో దింపి, హాస్పిటల్ దుప్పట్ల మూటలు ఆలస్యమవుతున్నాయంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. వచ్చే వారం ఆయన మళ్ళీ వచ్చినప్పుడు ఈ ఉత్తరం చేతికిస్తాను. ఫోన్ చేయొచ్చు కానీ, బట్టలుతికే డ్రమ్ము తిరుగుతుంటే మీరు "ఆ?" అనడం, నేను మళ్ళీ చెప్పడం, మీరు మళ్ళీ "ఆ?" అనడం మనకు అలవాటే. మీ అబ్బాయికి చేస్తే "ఊ" అంటారు, అంతకు మించి ఆయన నోట్లోంచి ముత్యాలు రాలవు. అందుకని ఉత్తరాలే నయం.

గది మూడో అంతస్తులో ఉంది. గాలి బాగానే వస్తుంది. ఎదురు డాబా మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తారు, అంచులు సరిచేయకుండా తీగ మీద పడేసి పోతారు. చూసి ఊరుకోలేను, చెప్పడానికి వాళ్ళు నాకు చుట్టాలు కారు. నాతో గదిలో ఉన్నది చిన్నపిల్ల, కాలేజీ ఇప్పుడే అయింది. లెక్కలంటే ప్రాణం. నేను మనసులో ఆ అమ్మాయికి లెక్కలమ్మాయి అని పేరు పెట్టుకున్నాను.

ఎంబీఏ ప్రవేశానికి తయారుచేసే ఈ క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. మొదటి రోజు నేను లోపలికి అడుగు పెట్టగానే ముందు వరసలో పిల్లలు లేచి నిలబడ్డారు, టీచరనుకుని. కూర్చోండి అని నేనూ పెద్దరికంగా చెప్పి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఆ తర్వాత వాళ్ళు నా వైపు చూసినప్పుడల్లా నవ్వు ఆపుకుంటున్నారు.

ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పే ఆయన్ని అందరూ టై మాస్టారంటారు. నిన్న ఆయన "ఎంబీఏ అయ్యాక ఏం చేస్తారు" అని అడిగితే, మా లాండ్రీకే వెళతానని అనబోయాను. మాట మధ్యలోనే ఆపేశారు. "లాండ్రీ ఊసెత్తకండి. బయలుదేరిన చోటికే పోయేదానికి ఇంత దూరం ఎందుకొచ్చావని అడుగుతారు. పెద్ద సంస్థ పేరేదైనా చెప్పండి" అన్నారు. సరేనని ఒక పెద్ద పేరు చెప్పాను. చాలా బాగుంది అన్నారు. మీరు చదివి నవ్వుకుంటారని రాస్తున్నాను.

మీకో పని పడింది. కాలేజీవాళ్ళు సిఫారసు పత్రం అడుగుతున్నారు. మనం ఎవరి చేతి కింద పనిచేశామో వాళ్ళే రాసి, కవరంటించి, నేరుగా వాళ్ళకి పంపాలి. నేను చూడకూడదట. సొంతవాళ్ళయినా ఫర్వాలేదా అని అడిగాను. పని చూసినవాళ్ళయితే చాలన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నా పని చూసింది మీరొక్కరే. మూడు ప్రశ్నలున్నాయి: అభ్యర్థి బలాలు, బలహీనతలు, ఈమెను ఎందుకు చేర్చుకోవాలి. ఫారం దీనితో పంపుతున్నాను.

పని అనుభవం ఉన్నవాళ్ళకి ఇచ్చే సీట్లు కొన్నే. మీరు వెళ్ళమన్నారు కాబట్టి వచ్చాను కానీ, వచ్చాక నాకే పట్టుదల పెరిగింది. ఈసారి రాకపోతే మళ్ళీ ప్రయత్నించే ధైర్యం నాకుండదు. కాస్త చూసి రాయండి.

మీ కోడలు

జూన్ 11

అమ్మాయికి,

నీ ఉత్తరం మూటల మధ్య నలిగి, ఒక మూల తడిసి చేరింది. ఇస్త్రీ చేసుకుని చదివాను.

నువ్వెళ్ళాక నాకు మంచి పేరొచ్చింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు కదా. వారం నుంచి నేను గుణవంతురాలిని. ఒక్కరి మీదా కేకలేయలేదు. కేకలేస్తే పట్టించుకోకుండా నవ్వే మనిషి ఇక్కడ లేదు, మిగతావాళ్ళు భయపడతారు.

ఇస్త్రీకి కొత్తమ్మాయిని పెట్టాను. చేయి మంచిదే కానీ కాలరు తిప్పడం తెలియదు. ముందు కౌంటరు పని నేర్పుతున్నాను. బట్ట రాగానే దీపం కింద పరిచి చూడాలి, మరక ఎక్కడ కనిపిస్తే అక్కడ పక్కన ఎర్రదారంతో ఒక కుట్టు వేయాలి, చిరుగుంటే రెండు కుట్లు, ఉతికాక మరక పోతే దారం తీసేయాలి అని చెప్పాను. బుద్ధిగా తలూపింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే హాస్పిటల్ తుడుపు గుడ్డలన్నీ ముందేసుకుని ఒక్కోదానికీ దారం కుడుతూ కూర్చుంది. తుడుపు గుడ్డలకి ఎవరైనా కుడతారా? అవి చూడకుండానే డ్రమ్ములో పడేస్తాం కదా. మావాడు నవ్వు ఆపుకోలేక పక్కగదిలోకి పోయాడు. వాడు నవ్వడం కూడా అప్పుడప్పుడు ఉంటుందిలే.

నీ బల్ల ఖాళీ చేయించాను. ఆ మూల ఇస్త్రీ బల్ల వేయించాను. నీ కాగితాలన్నీ అట్టపెట్టెలో సర్ది అటకెక్కించాను, ఏమీ పాడవ్వవు.

పెద్ద సంస్థ సంగతి చదివాను. మంచిదే. పెద్ద చోట ఉంటేనే మనిషి ఎదుగుతుంది. మా గురించి ఏమీ పెట్టుకోకు. ఇక్కడ అంతా బాగానే నడుస్తోంది.

ఫారం చూశాను. నాకు పొగడటం చేతకాదని నీకు తెలుసు. అయినా రాస్తాను. ఆదివారం డ్రమ్ము ఆపేశాక కుదురుగా కూర్చోవాలి.

వేళకి తిను.

అత్తయ్య

జూన్ 18

అత్తయ్యకు నమస్కారం.

ఉత్తరం అందింది. అందరూ క్షేమమని తెలిసి సంతోషం.

నా బల్ల తీయించారని చదివాను. అది మీ లాండ్రీ, ఏది ఎక్కడుండాలో మీ ఇష్టం. గాజు పలక కింద నేను గీసుకున్న బొమ్మ ఒకటి ఉండేది, బండి ఏ రోజు ఏ దారిన తిరగాలో దానిలో వేసుకున్నాను. అదీ అట్టపెట్టెలోకే వెళ్ళి ఉంటుంది. దాని పని ఇప్పుడు ఎలాగూ లేదు. నేను లేకపోయినా అంతా బాగానే నడుస్తోందన్నారు, చాలా సంతోషం.

ఇక్కడ నాకు మాత్రం అంత బాగా నడవడం లేదు. గణాంకాలని ఒక పాఠం ఉంది. లెక్కలమ్మాయి రోజూ నేర్పుతుంది. "ఆంటీ, మీరు జవాబు ముందు చెప్పేసి తర్వాత లెక్క వేస్తున్నారు" అంటుంది. ఆంటీ అనొద్దని చెబితే మేడమ్ అంటోంది, అది ఇంకా ఘోరం. నిన్న పెట్టిన పరీక్షలో నా పేపరు టై మాస్టారు ఎవరికీ చూపించకుండా మడిచి ఇచ్చారు. మడత మాత్రం బాగా వేశారు.

కాలేజీవాళ్ళ రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ జులై ఏడున. నెలాఖరుకు నాలుగు రోజులు సెలవులు ఇస్తున్నారు. వద్దామనుకున్నాను కానీ, వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియదు. ఇక్కడే ఉండి చదువుకుంటాను.

ఒక్క మాట అడగాలనుంది. పోయిన వానల్లో పెద్ద హోటల్ పని మనకు రాకుండా పోయింది నా వల్లే. మనిద్దరం వెళ్ళిన రోజు వాళ్ళ ఆఫీసులో "మీ సామర్థ్యం ఎంత" అని అడిగితే, ఎంత ఇస్తే అంత ఉతుకుతామని చెప్పి వచ్చాను. ఆ మర్నాడే మీరు "నువ్వెళ్ళి చదువుకో" అన్నారు. అందులో కోపం ఉందా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు, ఊరికే రాశాను.

సిఫారసు పత్రం మర్చిపోవద్దు.

మీ కోడలు

జూన్ 25

అమ్మాయికి,

పత్రం రాసి రిజిస్టరు పోస్టులో పంపించాను. చేతనైనంత నిజంగా రాశాను. కాలేజీవాళ్ళది కూడా ఒక కౌంటరే కదా అనుకుని, మన కౌంటర్లో చూసినట్టే చూసి రాశాను. రెండు కాగితాలు పాడుచేసి మూడోదాని మీద కుదిరింది.

సెలవులకి రానన్నావు. నీ ఇష్టం. చదువు ముఖ్యం.

కొత్తమ్మాయి కాలరు తిప్పడం నేర్చుకుంది. హాస్పిటల్ వాళ్ళకి దిండు గలీబులు మారిపోయి వెళ్ళాయి, మళ్ళీ తెప్పించాం. పెద్ద విషయమేమీ కాదు. మావాడు బాగున్నాడు. నాకు మోకాలు నొప్పి మామూలే.

హోటల్ సంగతి ఇప్పుడెందుకు. ఇంటర్వ్యూకి నీలం రంగు బట్టలు వేసుకో, అవి నలగవు.

అత్తయ్య

జులై 9

అత్తయ్యకు,

ఎల్లుండి బండి వస్తుంది. అప్పటిదాకా ఆగితే ఈ కోపం చల్లారిపోతుందని, చల్లారితే మళ్ళీ ఏమీ అడగకుండా ఊరుకుంటానని ఇప్పుడే రాసి పెడుతున్నాను.

ఇంటర్వ్యూ అయింది. బల్లకి అటు వైపు ముగ్గురున్నారు. మధ్యలో కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకున్న ఒక మేడమ్, అటూ ఇటూ ఇద్దరు సార్లు. మొదట్లో బాగానే సాగింది. తర్వాత మేడమ్ మీ పత్రం తీసి, "ఇది మీ అత్తగారు రాశారు, మీకు తెలుసా ఇందులో ఏముందో" అన్నారు. తెలియదన్నాను. చదివి వినిపించారు.

బలాలు అన్నచోట మీరు ఒక గీత గీసి వదిలేశారు. బలహీనతలకి వాళ్ళిచ్చిన చోటు చాలక వెనక్కి తిప్పి రాశారు. ఎదుటివాళ్ళు మాట పూర్తిచేయకముందే జవాబు చెబుతుంది. లెక్క నోటితో వేస్తుంది, తప్పు తేలితే గొంతు పెంచుతుంది. పనివాళ్ళని కోప్పడటం చేతకాక వాళ్ళ పని కూడా తనే నెత్తినేసుకుంటుంది. ఎవరికీ కాదని చెప్పలేదు. ఒక పద్ధతి మొదలుపెట్టి అది కుదురుకోకముందే ఇంకోటి మొదలుపెడుతుంది. దెబ్బ తగిలితే చెప్పదు, నాలుగు రోజులు మర్యాదగా మాట్లాడుతుంది. వేళకి తినదు.

చివరి ప్రశ్న, ఈమెను ఎందుకు చేర్చుకోవాలి. దానికి మీ జవాబు: "పై కారణాల వల్ల."

కుడివైపు సారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎడమవైపు ఆయన "అత్తగారా" అని ఒక్క ముక్క అన్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తెలిసిన కథే కదా అన్నట్టు. మేడమ్ మాత్రం చాలా మెత్తగా మాట్లాడారు. "ఇంట్లో మీ చదువు ఇష్టం లేదని అర్థమైంది. దీన్ని మేం లెక్కలోకి తీసుకోం. బయటివాళ్ళ చేత ఇంకోటి రాయించి ఈ నెలాఖరులోగా తీసుకురండి, మళ్ళీ పిలుస్తాం" అన్నారు. నన్ను చూసి జాలిపడ్డారు అత్తయ్యా. మాట పూర్తికాకముందే జవాబు చెప్పేదాన్ని, ఆ రోజు ఒక్క జవాబూ చెప్పలేదు.

ఇష్టం లేకపోతే వెళ్ళొద్దని అప్పుడే చెప్పాల్సింది. మీరే పంపించి, బల్ల తీయించి, నేను లేకపోయినా బాగుందని రాసి, చివరికి ఇక్కడి తలుపు కూడా మూయబోయారు. అటు లాండ్రీలో చోటు లేదు, ఇటు కాలేజీలో చోటు లేదు. నేను ఎక్కడికి పోవాలో చెప్పండి.

హాస్పిటల్ సామాను మేనేజరుగారిని అడిగి ఇంకో పత్రం రాయించుకుంటాను. మీరు శ్రమపడొద్దు.

కోడలు

జులై 16

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. కొత్తమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. మావాడు అడిగితే ఉత్తరం వాడి చేతిలో పెట్టాను. వాడు మొత్తం చదివి, "అమ్మా, నువ్వు రాసింది వాళ్ళకెలా అర్థమవుతుంది" అన్నాడు. ఏడాదికి సరిపడా మాటలు వాడు ఒక్కసారే మాట్లాడాడు.

నాకు నిజంగా తెలియలేదు. బలహీనతలు రాయమన్నారు, రాశాను. నా దగ్గరికి ఎవరైనా మంచి దుప్పటి తెస్తే నేనేం చేస్తాను? దీపం కింద పరుస్తాను. ఇక్కడ నూనె మరక, ఇక్కడ సిరా, ఇక్కడ అంచు ఊడుతోంది అని ఒక్కొక్కటీ చూసి దారం కుడతాను. ఇచ్చినవాళ్ళకి చూపించి తీసుకుంటాను. దుప్పటి బాగుంది అని నేనెప్పుడైనా రాశానా? బాగున్నది బాగానే ఉంటుంది, దాని జోలికి మనం పోం. ఎంత మంచి బట్ట అయితే అంత సేపు చూస్తాం. నీకు రెండు ఆదివారాలు పట్టింది. తుడుపు గుడ్డయితే చూడకుండా డ్రమ్ములో వేసేదాన్ని.

నిన్ను వాళ్ళ చేతుల్లో పెడుతున్నాను కదా. ఎక్కడ జాగ్రత్తగా చూసుకోవాలో చెప్పి ఇవ్వాలనుకున్నాను. వేళకి తినదని ఎందుకు రాశాననుకున్నావు? అక్కడ నిన్ను తిన్నావా అని అడిగేదెవరు? చదువు చెప్పేచోట చెప్పాల్సినవి ఇవే కదా, ఇవన్నీ పోగొట్టడానికే కదా చదువు, అందుకే పై కారణాల వల్ల అన్నాను. నా బుర్రకి అది తిన్నగానే తోచింది. అంత చదువుకున్నవాళ్ళు నవ్వుతారని తెలియదు.

బల్ల సంగతి. పొద్దున్నే తలుపు తీయగానే అలవాటుగా ఆ మూలకి తిరిగి నీతో మాట్లాడేదాన్ని. మూడు రోజులు అలాగే జరిగింది. కొత్తమ్మాయి ఎవరితో మాట్లాడుతున్నారమ్మా అని అడిగింది. ఖాళీ బల్ల చూడలేక తీయించాను. నువ్వు గీసిన బొమ్మ అట్టపెట్టెలో లేదు, నా మంచం పక్కన గోడకి అంటించాను. అర్థం కాదు కానీ చూస్తుంటాను.

అంతా బాగానే నడుస్తోందని రాసింది అబద్ధం. గలీబులు మారిపోవడం ఒక్కసారి కాదు. బండి వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళొస్తోంది. పెద్దాయన నన్ను అడుగుతాడు, నేను మావాణ్ణి అడుగుతాను, వాడు ఊ అంటాడు. ఇదంతా రాస్తే నువ్వు పుస్తకాలు మూసేసి మొదటి బస్సెక్కుతావని రాయలేదు. పైగా పెద్ద సంస్థ అన్నావు. నవ్వుతానన్నావు కానీ నాకు నవ్వు రాలేదు. వెళ్ళిపోతుందేమో, అడ్డం రాకూడదు అనుకున్నాను.

హోటల్ సంగతి. నీ మీద కోపమని ఇన్నాళ్ళూ మోశావా? ఆ రోజు మెట్లు దిగుతూ నువ్వేమన్నావో నీకు గుర్తుండదు. "వాళ్ళు అడిగింది నాకు అర్థం కాలేదత్తయ్యా" అన్నావు. నాకూ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరేం అడిగినా అర్థమైనట్టే తలూపుతూ వచ్చాను, అర్థం కాలేదన్న మాట నా నోట ఒక్కసారీ రాలేదు. నీకు వచ్చింది. అందుకే మర్నాడు వెళ్ళి చదువుకో అన్నాను. ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

మేనేజరుగారి చేత రాయించుకో. ఆయన ఇంపుగా రాస్తాడు. నాకేమీ కోపం రాదు. వస్తుంది కానీ పైకి చెప్పను. సీటు ముఖ్యం. నా మూలంగా నీకు సీటు పోతే ఆ మాట నేను మోయలేను తల్లీ.

అత్తయ్య

జులై 30

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఇస్త్రీ చేసుకోనవసరం లేదు, పెద్దాయన చొక్కా జేబులో పెట్టి పంపిస్తున్నాను.

మీ ఉత్తరం చదివి లెక్కలమ్మాయి ముందే ఏడ్చేశాను. పాపం ఆ పిల్ల గణాంకాల వల్లే అనుకుని పుస్తకం మూసేసింది. కోపంలో మీకు అంత మాట రాశానని సిగ్గేసింది. మీరు కూలబడిపోయారని చదివాక రెండు రోజులు పాఠం తలకెక్కలేదు.

మేనేజరుగారు పత్రం రాసిచ్చారు. అందులో నేను సమర్థురాలిని, కష్టజీవిని, వినయశీలిని. చదువుతుంటే ఎవరి గురించో చదివినట్టుంది. బాగా ఆలోచించి దాన్ని సంచిలోనే ఉంచి వెళ్ళాను.

ఆ ముగ్గురే ఉన్నారు. కొత్త పత్రం తెచ్చారా అని మేడమ్ అడిగారు. తెచ్చాను కానీ ఇవ్వను, మీ దగ్గరున్నదే నా పత్రం అన్నాను. దీపం, దారం, తుడుపు గుడ్డలు అన్నీ చెప్పాను. కుడివైపు సారు ఈసారి నవ్వలేదు, దారం ఎర్రదే ఎందుకని అడిగారు. తెల్లబట్ట మీద తొందరగా కనబడుతుందని చెప్పాను. మేడమ్ మీ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "అయితే ఇందులో ఏదైనా నిజం కానిది" అంటుండగానే "ఒక్కటీ లేదండీ" అనేశాను. ఎడమవైపు ఆయన "మొదటి మరక" అన్నారు. అప్పుడు అందరం నవ్వాం.

నవ్వు అయ్యాక వాళ్ళు నన్ను వదల్లేదు. కాదని చెప్పలేనిదానివి రేపు నలుగురి మీద అధికారం ఎలా చేస్తావని అడిగారు. పద్ధతులు మధ్యలో వదిలేయడం గురించి చాలాసేపు తవ్వారు. బండి దారుల బొమ్మ గురించి చెప్పాను, అదీ సగంలోనే వదిలానని ఒప్పుకున్నాను. చివరికి మేడమ్ ఏడో తారీఖున నేను రాసిన పరీక్ష పేపరు తీసి, "మీ అత్తగారు లెక్కల గురించి రాసింది మాకు ఇక్కడ కూడా కనిపించింది" అన్నారు. సీటు ఇస్తున్నారు అత్తయ్యా. కానీ క్లాసులు మొదలయ్యేలోగా లెక్కల పరీక్ష ఒకటి పాసవ్వాలి, లేకపోతే సీటు ఉండదు. అంటే ఆ మరక పక్కన వాళ్ళు కూడా దారం కుట్టారు. లెక్కలమ్మాయి నన్ను వదిలేలా లేదు, నేనూ వదలను.

ఎంబీఏ అయ్యాక ఏం చేస్తావని చివర్లో అడిగారు. టై మాస్టారు నేర్పిన పెద్ద పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ హోటల్ మెట్లు మళ్ళీ ఎక్కి, వాళ్ళడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలని ఉందన్నాను. ఎవరి తరఫున అని మేడమ్ అడిగారు. మా అత్తయ్య తరఫున అన్నాను. ఇందులో నేను ఆలోచించి చెప్పింది ఏమీ లేదు, ముందు జవాబు చెప్పేసి తర్వాత లెక్క వేసుకున్నాను. లెక్క కూడా సరిపోయింది.

ఇప్పుడు మిమ్మల్ని దీపం కింద పరుస్తున్నాను, కదలొద్దు. నొప్పి ఎక్కువైతే మామూలే అంటారు. తప్పు కానిదాన్ని తప్పంటే ఊరుకుంటారు, తప్పుని తప్పంటే మాత్రం కేకలేస్తారు. ఎవరినైనా పంపించాలంటే నాలుగు మాటలు చెప్పాల్సినచోట ఒక్కటి చెప్పి గదిలోకి వెళ్ళిపోతారు. అడ్డం రాకూడదని అబద్ధాలు రాస్తారు. రేడియో వీధి చివరికి వినిపించేలా పెడతారు. మంచి బట్ట అయితే ఎంతసేపైనా చూస్తారు, ఆ సంగతి ఆ బట్టకి మాత్రం చెప్పరు.

పరీక్ష అయ్యాక నాలుగు రోజులు వస్తాను. స్టూలు మీద కూర్చుంటాను.

మీ కోడలు

ఆగస్టు 6

అమ్మాయ్,

పెద్దాయన జేబులోంచి తీసిచ్చేసరికి ఉత్తరం చెమటకి తడిసిపోయింది. మళ్ళీ ఇస్త్రీ తప్పలేదు. ఈసారి మావాడే చేసి, చదివి, మడిచి ఇచ్చాడు. సీటొచ్చిందట అమ్మా అని గట్టిగా అన్నాడు. డ్రమ్ము తిరుగుతున్నా నాకు వినపడింది.

అందరికీ చెప్పాను. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. ముందు లెక్కల సంగతి చూసుకో. ఆ పిల్ల ఆంటీ అంటే అననీ, చదువు చెబుతోంది కదా.

నువ్వు కుట్టిన దారాలు ఒక్కొక్కటీ చూసుకున్నాను. రేడియోది ఒప్పుకోను. డ్రమ్ము శబ్దంలో నాకు వినపడాలి కదా, వీధికి వినపడితే నా తప్పా. మిగతావి సరిగ్గానే పట్టావు. నేర్పినదాన్ని కనుక నేను మళ్ళీ ఒకసారి చూశాను. ఒక మరక వదిలేశావు. నువ్వు లేకపోతే నాకు ఇల్లూ తోచదు, పనీ తోచదు. ఈ మాట పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నీకు ఒక్కసారీ చెప్పలేదు. దాని పక్కన కూడా ఒక కుట్టు వెయ్యి.

స్టూలెందుకు, నీ మూలలోంచి ఇస్త్రీ బల్ల జరిపించాను.

అత్తయ్య